ఇటాలియన్ కారు, బస్సు డ్రైవరు కాలు

సింగపూర్ వెళ్ళొచ్చానంటే అందరూ ముందు ఫోటోలు చూపించమంటున్నారు. నా ఫోనులో ఉన్నవి ఒక కారు అడుగుభాగం, ఒక నూనె మరక, తడి నేల మీద గుండ్రంగా పడ్డ టైరు జాడలు. నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ చూశావా అని మా మరదలు అడిగింది. టాక్సీలోంచి దాని వీపు కనిపించిందని నిజమే చెప్పాను. ఆమె ఇంకా నమ్మలేదు.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకుల షాపు ఉంది. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. అన్నం కూడా సగం నిలబడే తింటానని ఇంట్లో ఫిర్యాదు. బ్రేకుల గురించి తెలుగులో చిన్న చిన్న వీడియోలు చేసి పెడుతుంటాను. అవి చూసి ఒక పెద్దాయన సింగపూర్ నుంచి ఫోన్ చేశాడు.

"బాబూ, నా పేరు సింహాచలం. మా తాత ఇసాపట్నంలో ఓడెక్కి ఇక్కడికొచ్చీసినాడు. నాకు ఇటలీ కారొకటున్నాది. మొన్న వానలో మలుపుకాడ బొంగరంలాగ తిరిగిపోనాది. పక్కన మా ఆవిడుంది. తప్పు బండిదైతే బాగుసేయిద్దాం. నా కాలుదైతే తాళం ఇచ్చీసి బస్సెక్కి తిరుగుతాను. ఏదో ఒకటి నువ్వు తేల్చాల. అబద్ధం మాత్రం సెప్పకు."

ఆ చివరి మాట నన్ను కూర్చోనివ్వలేదు. పైగా ఆ పాత ఇటాలియన్ కార్ల గురించి చదవడమే తప్ప చేత్తో ముట్టుకున్నది లేదు. పది రోజుల్లో విమానంలో ఉన్నాను.

హౌగాంగ్: ఎడమ సీటు

హౌగాంగ్‌లో ఉండే సింహాచలం అంకుల్ ముప్ఫయ్యేళ్ళు సింగపూర్‌లో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. డెబ్బై దాటినా నడుము నిటారుగా ఉంటుంది. ఆయన బస్సులో రోజూ ఎక్కే ఒక ముసలి ఇంజనీరు, ఊరు విడిచి వెళ్ళిపోతూ ఆ కారుని ఈయనకి చవగ్గా ఇచ్చేశాడట. ఎరుపు వెలిసిపోయి ఇటుక రంగుకి వచ్చింది. నాలుగు తలుపులు, పలకలు పలకలుగా ఉండే ఒళ్ళు, కాస్త పైకెత్తిన తోక. ఈ రోజుల్లో మనం నడిపే చాలా కార్లను ముందు చక్రాలు లాగుతాయి. దీన్ని వెనక చక్రాలు తోస్తాయి. పాత బండి కాబట్టి ఏడాదికి కొన్ని రోజులే రోడ్డెక్కడానికి అనుమతి. ఆ రోజుల్ని ఆయన క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టుకుంటాడు.

మొదటి రోజే నన్ను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పాడు. తాళం తిప్పే ముందు అద్దంలోకి చూసి "పట్టుకో బాబూ" అన్నాడు. బస్సులో నిలబడ్డవాళ్ళకి చెప్పే మాట అది. ఎవరెక్కినా, ఒక్కరే ఎక్కినా చెప్తాడట. నడపడం చూసి ముచ్చటేసింది. మలుపుల్లో నా మెడ కూడా కదల్లేదు. ఇంత మెత్తగా నడిపేవాడి చేతిలో కారు ఎలా తిరిగిందని నాకు అప్పుడే దురద మొదలైంది.

రాత్రి భోజనానికి ఆయన భార్య మహాలక్ష్మి ఆంటీ చేపల పులుసు పెట్టింది. పులుసు అచ్చం విశాఖ రుచే, పక్కన మాత్రం మలయా వాళ్ళ సంబల్ కారం. రెండూ కలిపి తినమంది. కలిపి తిన్నాక రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. ఆంటీ ఇరవై ఏళ్ళకు పైగా ఓడరేవు గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపిందట. అంటే ముందు రెండు ఇనప చేతులతో పెట్టెలు ఎత్తే చిన్న బండి. అది చెప్పేటప్పుడు ఆమె చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే ఆడాయి.

కారు సంగతి ఎత్తగానే ఆ చేతులు ఆగిపోయాయి.

"నా మాటొకటే బాబూ. ఆ కారులో ఈయన పక్కన, ఆ ఎడమ సీట్లో, నాను మళ్ళీ కూకోను. నువ్వు బాగుసేసినా సరే."

"ఎవరిది తప్పో తేలనీ ముందు" అన్నాడు అంకుల్ పళ్ళెంలోకి చూస్తూ.

వాళ్ళమ్మాయి కవిత అక్కడే ఉంది. ఆమెకి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం సగానికి పైగా ఇంగ్లీషులో, చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి. "సోమవారం ఒకతను వస్తాడు అంకుల్, ఫర్ ద పార్ట్స్. విప్పి తీసుకెళ్తాడు. ఐ ఆల్రెడీ టోల్డ్ హిమ్ యెస్. నాన్న డోంట్ వాంట్ టు లిజన్ లా" అంది. ఆ రోజు మంగళవారం.

టోవా పాయో: చక్రం విప్పితే బ్రేకు లేదు

సింగపూర్‌లో ఫ్లాట్ కింద పార్కింగులో బండి విప్పకూడదు. మా ఆటోనగర్‌లో రోడ్డే షెడ్డు. అందుకని మర్నాడు, అంకుల్‌తో పాటు బస్సు డిపోలో పనిచేసిన టాన్ అనే చైనా పెద్దాయన షెడ్డుకి వెళ్ళాం. అది టోవా పాయోలో, వరసగా మెకానిక్ షాపులున్న పాత భవనంలో ఉంది. నేల మీద అన్నం వడ్డించుకు తినొచ్చు. మా షాపు నేల గుర్తొచ్చి తలదించుకున్నాను.

బ్రేకుల పనిలో నాకూ ముప్ఫయ్యేళ్ళ అనుభవం కదా, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వెనక చక్రం నేనే విప్పాను. విప్పి చూస్తే లోపల బ్రేకు లేదు. డిస్కు లేదు, డ్రమ్ము లేదు, ఏమీ లేదు. నోరు తెరుచుకుని ఉండిపోయాను. రెండో వైపు విప్పాను. అక్కడా లేదు. టాన్ కాఫీ గ్లాసు పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత నా భుజం పట్టుకుని కారు కిందికి వంచాడు.

ఈ కారు తయారుచేసినవాళ్ళు గేరుబాక్సుని ఇంజను దగ్గర పెట్టకుండా వెనక్కి తెచ్చి పెట్టారు, బరువు ముందూ వెనకా సమానంగా పడాలని. వెనక బ్రేకు డిస్కులు కూడా చక్రాల దగ్గర కాదు, నడిమధ్యన గేరుబాక్సుకి చెరో పక్కా బిగించి ఉన్నాయి. చక్రాలు తేలికగా ఉంటే గతుకుల్లో నేలని వదలవని. ఆలోచన గొప్పదే. కానీ గేరుబాక్సు సీలు అరిగిందంటే కారే నూనె తిన్నగా బ్రేకు మీదే పడుతుంది. ఇక్కడ ఎడమ డిస్కు నూనెతో తళతళలాడుతోంది.

చక్రాలు బిగించి, షెడ్డు వెనక సందులో మనుషులు లేకుండా చూసి గట్టిగా బ్రేకు తొక్కాను. ముక్కు పెద్దగా వంగలేదు. ఇలాంటి కార్లు బ్రేకు వేస్తే నాలుగు కాళ్ళ మీదా ఒకేసారి కూర్చుంటాయని చదివాను, నిజమే. కానీ కూర్చుంటూ కూర్చుంటూ కుడికి లాగేసింది. ఎడమ బ్రేకు జారుతోంది, కుడిది పడుతోంది. అంతే, నాకు ఆగలేదు. కారు దిగకుండానే అరిచాను.

"అంకుల్, తప్పు బండిదే! మీ కాలుది కాదు!"

ఆయన మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. గబగబా కవితకి ఫోన్ చేసి, విప్పుకుపోయేవాణ్ణి రావద్దనమన్నాడు. తర్వాత పాత డిపో స్నేహితులకి, ఒక్కొక్కరికీ వరసగా చేశాడు. అందరికీ అదే మాట. "నా కాలు కాదంట. ఇండియా నుంచి ఇంజనీరొచ్చి సూసినాడు."

మధ్యాహ్నం ఆ సంబరంలోనే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు. పెద్ద రేకుల కప్పు కింద వరసగా తిండి దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఒక ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ పేపర్ల ప్యాకెట్ కనిపిస్తే, మర్యాద కోసం పెట్టారనుకుని విప్పి చేతుల నూనె తుడుచుకున్నాను. పళ్ళెంతో వచ్చిన ఒకావిడ నన్నూ ప్యాకెట్‌నీ మార్చి మార్చి చూసింది. ఇక్కడ ప్యాకెట్ పెట్టారంటే ఆ చోటు తమదని అర్థమట. మన బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వెయ్యడం లాంటిదే. నేనేమో ఆవిడ కర్చీఫ్‌తో చెయ్యి తుడుచుకున్నాను. అంకుల్ ఆవిడకి మలయా భాషలో ఏదో చెప్పి నవ్వించి, కొత్త ప్యాకెట్ కొనిచ్చాడు.

సెరంగూన్: సాసర్ తిరిగిన వైపు

గురువారం కొత్త సీలు కోసం టాన్ ఊరంతా తిరుగుతున్నాడు. నాకేమీ పనిలేదు. ఖాళీగా ఉండడం నాకు జ్వరం లాంటిది. ఫ్లాట్‌లో ఐదుసార్లు లిఫ్టు ఎక్కి దిగాను. చూడలేక ఆంటీ, కవిత నన్ను సెరంగూన్‌లోని పెద్ద మాల్‌కి తీసుకెళ్ళారు. చల్లటి గాలి, అంతస్తుల మీద అంతస్తులు. అడుగున రైలు, పైన బట్టలు, మధ్యలో తిండి. కాఫీ చెప్పాం. అడుగున చిక్కటి తీపి పాలు పేరుకుని ఉంటాయి, కలపకుండా తాగితే చేదు, కలిపితే పాయసం. ఆ కప్పు ధరతో మా బీసెంట్ రోడ్డులో నలుగురికి టిఫినొస్తుంది.

ఊరికే, మాట కలపడానికి, ఆ రోజు ఏమైందో చెప్పమని ఆంటీని అడిగాను. ఆమె కాఫీ సాసర్‌ని కారు చేసింది, చెంచాని రెయిలింగు చేసింది.

"పెద్ద రోడ్డు దిగి ఎడమకి మలుపు బాబూ. వాన. ఈయన మెల్లిగానే వస్తన్నాడు. మలుపులో తోక ఇలా బయటికెల్లింది. మూతి ఇలా లోపలికి, ఎడమకి తిరిగిపోనాది. రెయిలింగు నా మొకం మీదకొచ్చీసింది. జానెడు దూరంలో ఆగినాది."

సాసర్ ఎడమకి తిరిగి చెంచాకి తగిలి ఆగింది. నేను కప్పు కింద పెట్టేశాను.

ఎడమ బ్రేకు జారితే బండి కుడికి లాగాలి. సందులో నా కింద అలాగే లాగింది. ఇది తిరిగింది ఎడమకి. అంటే నూనె మరక ఉన్న మాట నిజం, దానికీ ఆ రోజుకీ సంబంధం లేదు. అసలు ఆయన బ్రేకు తొక్కాడో లేదో కూడా నేను అడగలేదు. మరక కనపడింది, నోరు పారేసుకున్నాను.

"వాట్ హాపెన్డ్ అంకుల్? యూ ఓకే ఆర్ నాట్?" అంది కవిత.

కారం ఎక్కువైందన్నాను. బల్ల మీద ఉన్నది కాఫీ ఒక్కటే.

శుక్రవారం సీలు మార్చాం, డిస్కులు కడిగాం, బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశాం. కారు స్కేలు పెట్టి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. అంకుల్ నన్ను వాటేసుకున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఆ సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాను. చెప్తే ఆయన తాళం ఇచ్చేస్తాడు, మాట మీద నిలబడే మనిషి. చెప్పకపోతే ఇంకో వాన, ఇంకో మలుపు. చివరికి పిరికిగా సగం మాట చెప్పాను.

"అంకుల్, ఒక్కసారి తడి నేల మీద కూడా చూసేద్దాం."

కవిత ఆఫీసు వాళ్ళు కొందరు కాజ్‌వే దాటి మలేషియా వైపు జొహోర్‌లో ఒక ఖాళీ మైదానానికి వెళ్తుంటారట. తారు నేల మీద నీళ్ళు పోసి కార్లని కావాలని జార్చడం నేర్పుతారు. దాన్ని డ్రిఫ్టింగ్ అంటారు. మర్నాడు శనివారం సెలవు, అక్కడికే అనుకున్నాం.

కాజ్‌వే మీద

సింగపూర్‌నీ మలేషియానీ కలిపే ఆ వంతెన రోడ్డు మీద శనివారం పొద్దున కార్లన్నీ జాతరకి పోతున్నట్టు ఉన్నాయి. ఎర్ర కారులో నేనూ అంకుల్. వెనక కవిత చిన్న కారులో ఆంటీ. ఏసీ అంతంత మాత్రం. వేడి సూది పైకి పాకుతోంది. జానెడు కదలడం, ఆగడం. పారిపోవడానికి చోటు లేదు. నా మోకాలు దానంతటదే ఊగుతోంది.

"ఏటి బాబూ, ఒంటేలొచ్చిందా?"

"కాదంకుల్. నేను తొందరపడ్డాను. ఆ రోజు కారు తిరగడానికి కారణం నూనె కాదు. నూనె వల్లయితే కుడికి తిరగాలి. ఆంటీ ఎడమకి తిరిగిందంది."

ఆయన ముందున్న లారీనే చూస్తున్నాడు. వరస కదిలింది. ఆయనా కదిలించి, మళ్ళీ మెత్తగా ఆపాడు.

"నాను బ్రేకు తొక్కనేదు గదా బాబూ ఆ రోజు. నాకు తెలుసును. నువ్వు బ్రేకంటే సరే, బ్రేకే అనుకున్నాను. మూడ్రోజులు హాయిగా నిద్రపోనాను, పరవాలేదు."

నాకు కళ్ళు చెమర్చాయి. సిగ్గు కూడా వేసింది. అద్దం దించి బయటికి చూశాను. చూడ్డానికి లారీల పొగ తప్ప ఏమీ లేదు.

"సూద్దాం నడు" అన్నాడు ఆయన. "తేలిపోవాల."

జొహోర్: తడి నేల

మైదానం చూసుకునే రోస్లీ అనే మలయా అతను పైపుతో నీళ్ళు కొట్టి, మధ్యలో రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజ రంగు కోను ఒకటి పెట్టాడు. దాని చుట్టూ ఎడమకి తిరగాలి. ముందు నేను నడిపాను. ఇలాంటి కారుకి వెనక బరువుంది కాబట్టి తోక అంత తొందరగా జారదు. జారే ముందు చెప్తుంది, కూర్చున్న చోట సీటు పక్కకి కదిలినట్టు తెలుస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, స్టీరింగుని జారే వైపు కొంచెం ఇస్తే, కారు నెమ్మదిగా సర్దుకుంటుంది. అదే కాలు గబుక్కున తీశామా, బరువంతా ముక్కు మీదకి దూకుతుంది. వెనక చక్రాలు తేలికైపోతాయి. తోక కొరడాలా తిరుగుతుంది.

అంకుల్ స్టీరింగు దగ్గరికి వచ్చాడు. నేను ఎడమ సీట్లో. అద్దంలోకి చూసి "పట్టుకో" అన్నాడు. ఒక చుట్టు బాగానే తిరిగాం. రెండో చుట్టులో సీటు కింద కదలిక. కాలు తీసేశాడు. ఆకాశం, రోస్లీ, నీళ్ళ ట్యాంకు, మళ్ళీ ఆకాశం. ఎటు చూస్తున్నామో తెలియకుండా ఆగాం.

"కాలు తియ్యకండి అంకుల్. తియ్యాలనిపిస్తుంది. తియ్యకండి."

మళ్ళీ. మళ్ళీ అదే. ఎనిమిదిసార్లు నేను లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. ఆయన పళ్ళు బిగించుకుని, ఉంచుతాను అని పైకి అనుకుంటూ మరీ వెళ్ళేవాడు. కదలిక తెలియగానే కాలు లేచేది. చివరిసారి ఆగాక ఇంజను కట్టేసి తన కుడి మోకాలు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ముప్పయ్యేళ్ళు బాబూ. బస్సు నిండా నిలబడ్డోళ్ళు. గర్భిణులు, ముసలోళ్ళు, బడిపిల్లలు. ఏ మాత్రం జారినా కాలు తీసీడమే. ఒక్కరు పడిపోనేదు నా బస్సులో. ఒక్కరు. ఈ కాలికిప్పుడు ఏటి సెప్పినా ఇనదు."

ఆ జాగ్రత్తే ఆ రోజు వానలో కారుని తిప్పింది. ఆయన చెప్పమన్నట్టే చెప్పాను. "తప్పు మీ కాలుదే అంకుల్."  ఆయన తాళం తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. మేమిద్దరం దిగి, రేకుల నీడలో నిలబడ్డ ఆంటీ దగ్గరికి నడిచాం.

"నా కాలే" అని చెప్పాడు ఆవిడతో. "అమ్మీండి."

ఆంటీ నా పిడికిలి విప్పి తాళం తీసుకుంది. గొడుగు కవితకిచ్చింది. చెప్పులు విడిచి, కుడి తలుపు తీసి, సీటు బాగా ముందుకి జరుపుకుంది.

"అమ్మా! వాట్ ఆర్ యూ డూయింగ్?"

"లైసెన్సు నాకూ ఉన్నాది. ఈయనుండగా నాకు స్టీరింగెవరిచ్చేరు?" అని, నన్ను చూసి, "రా బాబూ, ఏటి సెయ్యాలో సెప్పు" అంది.

మొదటి చుట్టు నెమ్మది. రెండో చుట్టులో తోక కదిలింది. ఆమె కాలు కదల్లేదు. స్టీరింగు కొంచెం ఇచ్చింది. కారు అడ్డంగా, నీళ్ళు చిమ్ముకుంటూ, కోను చుట్టూ సగం దూరం జారి తనంతట తానే సర్దుకుంది. 

"ఫోర్క్‌లిఫ్టుకి తిరిగేది ఎనక చక్రాలే గదా" అంది ఆంటీ, కూరగాయల గురించి చెప్పినట్టు. "తోక ఎప్పుడూ బయటికే పోతాది. దానికి భయపడితే పని జరగదు."

ఇంకో నాలుగు చుట్లు తిరిగింది. ఒకసారి తప్పింది, నవ్వింది. రోస్లీ పైపు కింద పడేసి చప్పట్లు కొట్టాడు. నీడలో అంకుల్ మాత్రం కదలకుండా నిలబడి చూస్తున్నాడు. ఆయన కుడికాలి మడమ మాత్రం పైకీ కిందికీ ఆడుతోంది.

తిరుగు ప్రయాణానికి నేను కవిత కారు వైపు నడిచాను. అంకుల్ కూడా తలదించుకుని మా వెనకే వచ్చాడు. ఆంటీ హారన్ కొట్టింది.

"ఎటెల్తన్నావయ్యా? ఎక్కు."

"నువ్వు ఈ కారెక్కనన్నావు గదా."

"ఎడమ సీట్లో కూకోనన్నాను. కూకున్నానా?"

ఆయన చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీశాడు. ఎక్కి, బెల్టు పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆంటీ తాళం తిప్పే ముందు అద్దంలోకి చూసింది.

"పట్టుకో" అంది.

ఆయన పట్టుకున్నాడు.